అన్నీ ఒకేసారి మీద పడినప్పుడు మీరెలా తట్టుకున్నారు?

పద్మజ_ఖమ్మం: నాన్నగారికి డయాలసిస్ మొదలైంది. మిర్చి రేటు పడిపోయి, పెట్టుబడికి తెచ్చిన అప్పులు అలాగే ఉన్నాయి. ఈలోగా మా పాపకి ఇంటర్ ఫస్టియర్‌లో మ్యాథ్స్ పోయింది. రాత్రి పడుకుంటే మూడూ కలిసిపోయి, ఏది దేనికి టెన్షనో కూడా తెలియడం లేదు. ఇలాంటి దశ దాటినవాళ్లు చెప్పండి. ‘నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు’ అనే మాట మాత్రం వద్దండీ, బంధువుల దగ్గర చాలా విన్నాను.

శ్రీను_గుంటూరు: అక్కా, మాదీ మిర్చే. అప్పు అప్పు అని కుమిలిపోయేవాళ్లం. కాగితం మీద పెట్టాక అందులో నాలుగు రకాలు కనిపించాయి. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షన్నరకి నెలకి 4,500 పోతోంది. మా పెద్దమ్మ ఇచ్చినదానికి వడ్డీ లేదు, ఆవిడ అడగనూ లేదు. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఆవిడ డబ్బే, ఎదురుపడితే మొహం చూడలేక. ఆవిడతో మాట్లాడి గడువు అడిగాను. బ్యాంకులో బంగారం పెట్టి మూడు రూపాయలది ముందు తీర్చాం. బాకీ ఇంకా ఉంది, భయం మాత్రం సగానికి సగం దిగింది.

విజయ్_న్యూజెర్సీ: అమ్మ పోయినప్పుడు నన్ను నిలబెట్టింది ఒక ఫొటో. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీసింది. అందులో మన భూమి ఒక్క పిక్సెల్ కూడా నిండదు. అది చూస్తే ఊపిరి అందేది.

మాస్టారు_పాలకొల్లు: విజయ్ బాబూ, మీకు ఊరట దొరికింది, సంతోషం. కానీ తండ్రిని ఆసుపత్రికి తిప్పుతున్న మనిషికి భూమే చుక్కంత అంటే ఇంకా ఒంటరిగా అనిపిస్తుందేమో. పద్మజగారూ, నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి. మూడింటిలో ముందు పాప సంగతి చూడండి. ఫస్టియర్‌లో సబ్జెక్టు పోయినా సెకండియర్‌కి వెళ్లొచ్చు, సప్లిమెంటరీ రాయొచ్చు, 35 శాతం వస్తే పాస్. రీకౌంటింగ్‌కి గడువు కొద్దిరోజులే ఉంటుంది, వెంటనే కనుక్కోండి. ఇంకో మాట. అప్పుల గురించి మాట్లాడుకునేటప్పుడు పాప మార్కుల ఊసు తేవద్దు. ఇంట్లో కష్టానికంతటికీ తానే కారణమనుకుంటారు ఆ వయసు పిల్లలు. పాప ముభావంగా ఉంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీరు కూడా చేయొచ్చు.

సునీత_వరంగల్: నేను డయాలసిస్ యూనిట్‌లో నర్సుని. కొత్తలో ఇంటిల్లిపాదీ వచ్చి బెడ్ చుట్టూ నిలబడతారు, తర్వాత ఒక్కరే మిగులుతారు, ఎక్కువగా కూతురో కోడలో. అలా కానివ్వొద్దు అక్కా. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. ఇప్పుడే వంతులు రాసుకోండి. నాన్నగారికి తాగే నీళ్లు ఎంతవరకో డాక్టర్ని అడిగి, పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టండి. రోజంతా ‘తాగొద్దు నాన్నా’ అంటూ గొడవపడే బాధ తప్పుతుంది. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలవండి.

రాధిక_హైదరాబాద్: ఫైనాన్స్ వాళ్ల ఫోన్లు కూడా ఉన్నాయా పద్మజగారూ? ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులోనే చెప్పింది. కాల్ వివరాలు దాచుకుని ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

పద్మజ_ఖమ్మం: ఫైనాన్స్ ఫోన్లు లేవండి, మాకున్నవన్నీ చేబదుళ్లే. శ్రీను తమ్ముడు చెప్పినట్టు మా ఆయనా నేనూ కూర్చుని రాశాం. రెండు రూపాయలవి రెండు, మిగతాది మా ఆడపడుచుది. ఆమెతో ఆదివారం మాట్లాడతాం. శనివారం నాన్న దగ్గర మా తమ్ముడు కూర్చుంటానన్నాడు. మాస్టారూ, సప్లిమెంటరీ ఫీజు కాలేజీలోనే కట్టాలా?