క్రూయిజ్‌లో చివరి రోజు: కుటుంబమంతా కలిసే ఉండాలా, ఎవరి దారిన వాళ్లను వదిలేయాలా?

నీలిదారి:
7 రాత్రుల క్రూయిజ్ ముగించుకుని మొన్ననే ఇంటికి చేరాం. నేను, మా ఆవిడ, 14 ఏళ్ల పాప, 9 ఏళ్ల బాబు, మా నాన్న. చివరి రోజు ఓడ ఏ రేవులోనూ ఆగదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా సముద్రమే. ఆ ఒక్కరోజూ అందరం ఒకచోట ఉండాలని ముందే చెప్పాను. పాప మాత్రం ఓడలో పరిచయమైన పిల్లలతో టీన్ క్లబ్‌కు పోతానని పట్టుబట్టింది. వద్దన్నాను. సాయంత్రం దాకా ముఖం మాడ్చుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక కూడా నాతో సరిగా మాట్లాడటం లేదు. అన్ని సెలవులు కూడబెట్టుకుని వెళ్లింది కలిసి ఉండటానికే కదా? నాది తప్పా? సూటిగా చెప్పండి.

రేవుగాలి:
అడిగారు కాబట్టి చెబుతున్నా, తప్పే. ఆ పిల్లలతో తనకు అదే ఆఖరి రోజు. మర్నాడు రేవులో దిగాక తలో ఊరు. మీరైతే రోజూ ఇంట్లో ఉండేవాళ్లే. నాకు 16 ఏళ్లప్పుడు మా నాన్న కూడా ఇలాగే పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ రోజు సముద్రం ఎలా ఉందో నాకు గుర్తులేదు. ఆయన చేతి గడియారం గుర్తుంది. ఎప్పుడు వదులుతారా అని దానివంకే చూస్తూ కూర్చున్నాను.

మూడోగంట:
కలిసి ఉండాలి. అందరూ ఒకచోట దొరికేదే అక్కడ.

డెక్7:
అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. చివరి రోజంటే పెట్టెలు సర్దే రోజు. ట్యాగులు కట్టి, రాత్రి ఓడవాళ్లు చెప్పిన టైముకల్లా తలుపు బయట పెట్టాలి. వాళ్లు తీసుకెళ్లిపోతారు, మళ్లీ చేతికొచ్చేది మర్నాడు రేవు టెర్మినల్‌లోనే. పోయినసారి మా అమ్మ బీపీ మాత్రలు పెట్టెలో వేసేశాం. గుర్తొచ్చి తలుపు తీసేసరికి పెట్టె లేదు. మర్నాడు టెర్మినల్‌లో వరసల మధ్య వెతికి పట్టుకున్నాకే ఆమె మాత్ర వేసుకుంది. మధ్యాహ్నానికే సర్దేసుకోవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

నీలిదారి:
డెక్7 గారూ, నేనడిగింది పెట్టెల గురించి కాదు.

డెక్7:
పెట్టెల గురించే. మీరు ఎన్నింటికి బయట పెట్టారో ముందు అది చెప్పండి.

పాతస్టివార్డ్:
9 ఏళ్లు ఓడల్లో క్యాబిన్లు చూసుకున్నాను. 2,000 క్యాబిన్ల ఓడలో క్యాబిన్‌కు 3 పెట్టెలు వేసుకున్నా 6,000. అవన్నీ రాత్రికి రాత్రే కిందికి చేరాలి. తెల్లారేసరికి ఓడ రేవులో ఉంటుంది, 8 గంటలు దాటగానే గదులు ఖాళీ చేయించాలి, మధ్యాహ్నం నుంచే కొత్తవాళ్లు ఎక్కుతారు. సిబ్బందికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలని 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం చెబుతుంది. 2013లో అమల్లోకి వచ్చింది. ఆ 10 గంటలనూ రెండు ముక్కలు చేయొచ్చు, ఒకటి 6 గంటలకు తగ్గకూడదు, అంతే. ఆ రాత్రి మీరు పెట్టె ఆలస్యం చేస్తే పోయేది మా నిద్రే.

ఇంకోమాట. చివరి సాయంత్రం వరండాలో నడుస్తుంటే తెరిచి ఉన్న తలుపుల్లోంచి నాకు కనిపించేది ఒకటే దృశ్యం. మంచం నిండా ఇంటిల్లిపాది బట్టలు, వాటి మధ్య ఒక్క మనిషి.

రేవుగాలి:
నీలిదారి గారూ, ఇంతకీ ఆ రోజంతా కలిసి ఏం చేశారు?

నీలిదారి:
పొద్దున్నే పై డెక్‌లో కుర్చీలు దొరకబుచ్చుకున్నాం. మధ్యాహ్నం 12కి కెప్టెన్ మైకులో ఓడ ఎక్కడుందో చెప్పాడు, వేగం 18 నాట్లన్నాడు. నాన్న వేళ్లమీద లెక్కకట్టి, అంటే గంటకు 33 కిలోమీటర్లురా అని బాబుకు చెప్పారు. సాయంత్రం ఓడ వెనకవైపు రెయిలింగ్ పట్టుకుని ఆయన చాలాసేపు నిలబడ్డారు. ఓడ వచ్చిన దారంతా నురుగు తెల్లగా సాగి, దూరం పోయేకొద్దీ నీళ్లలో కలిసిపోతోంది. ఆయనకు 78. మళ్లీ ఓడ ఎక్కుతారో లేదో. అందుకే అందరినీ ఉండమన్నాను. పిల్లలకు ‘నీ ఇష్టం’ అని నేర్పే మీలాంటివాళ్ల వల్లే ఇళ్లలో పెద్దవాళ్లు ఒంటరిగా మిగిలిపోతున్నారు.

రేవుగాలి:
‘మీలాంటివాళ్లు’ అంటే ఎవరండీ? మంచాన పడ్డ మా అత్తగారికి 6 ఏళ్లు నేనే చేశాను. పెద్దవాళ్ల గురించి నాకు చెప్పకండి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్న ఉన్నారు, బాబు ఉన్నాడు, ముఖం మాడ్చుకున్న పాప ఉంది. మీ ఆవిడ ఏదీ?

నీలిదారి:
క్యాబిన్‌లో సర్దుతోంది. తను సర్దుకుంటేనే తనకు తృప్తి. ఎవరూ బలవంతపెట్టలేదు.

మూడోగంట:
ఇంటి ఆడవాళ్ల సంగతి ఇక్కడెందుకు? హద్దు దాటుతున్నారు.

రేవుగాలి:
హద్దేమీ దాటలేదు. నాకూ 20 ఏళ్లుగా అదే ‘తృప్తి’. తడి ఈతబట్టలు విడిగా కవరులో, పాస్‌పోర్టులు చేతిసంచిలో, మర్నాడు వేసుకునే జతలు పక్కన. ఒక్కటి మరిచిపోతే ‘చూసుకోవద్దా’ అని అందరూ అనేది నన్నే. అందరూ కలిసి ఉండాలని నియమం పెట్టింది మీరు. పాప గంటసేపు పోతానంటే ఆ నియమం గుర్తొచ్చింది. మీ ఆవిడ కిందికి వెళ్లినప్పుడు ఎందుకు గుర్తురాలేదు?

పాతస్టివార్డ్:
మీది బాల్కనీ క్యాబినా అండీ?

నీలిదారి:
నిన్న జవాబు రాయలేకపోయాను. బాల్కనీ కాదు, రెండూ లోపలి క్యాబిన్లే. కిటికీ ఉండదు. ఎంతసేపు పట్టిందని రాత్రి తనను అడిగాను. 3కి మొదలుపెడితే 7 దాటిందట. అంటే నాన్న రెయిలింగ్ దగ్గర నిలబడ్డ ఆ సాయంత్రమంతా తను లైటు వేసుకుని ఆ గదిలోనే ఉంది.

మధ్యలో పాప బాత్రూమ్‌కని కిందికి వెళ్లి అరగంట రాలేదు. క్లబ్‌కే పోయిందనుకుని, వచ్చాక అందరి ముందూ తిట్టాను. వాళ్లమ్మ దగ్గర కూర్చుని సాక్సులు జతచేసిందట. ఇద్దరిలో ఒక్కరూ నాతో అనలేదు.

పాపను క్లబ్‌కు పంపాల్సిందని మాత్రం నేనిప్పటికీ ఒప్పుకోను. తాతయ్య దగ్గర ఉండాల్సిందే. కానీ ఆ తిట్టినదానికి పొద్దున తన గదికి వెళ్లి మాట్లాడాను.

రేవుగాలి:
ఏమంది?

నీలిదారి:
‘తాతయ్య కోసమని ఒక్కమాట చెప్పుంటే నేనే ఉండేదాన్ని కదా నాన్నా’ అంది.

డెక్7:
7 దాటేసరికి సర్దడం అయిపోయిందంటే మాకన్నా మేలే. మందులు చేతిసంచిలోనే పెట్టుకున్నారా?

నీలిదారి:
తనే పెట్టింది. నాన్నవి కూడా.