బ్రహ్మపుత్రకు ఇన్ని పేర్లు ఎందుకు? పైన ఆనకట్ట కడితే అస్సాంలో నీళ్లు ఆగిపోతాయా?

ప్రశ్న:
2019 నవంబరులో పుష్కరాలకు గువాహటి వెళ్లినప్పుడు, మన పంచాంగాల్లో పుష్కరవాహినిగా చెప్పుకునే నదిని అక్కడి పడవవారు ‘లుయిత్’ అనడం విన్నాను. నేను తొమ్మిదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. పటం చూపిస్తూ సాంగ్‌పో, సియాంగ్, బ్రహ్మపుత్ర, జమున అని చదివించగానే ఇవన్నీ ఒకే నదా అని పిల్లలు అడుగుతున్నారు. చైనా టిబెట్‌లోని మెడోగ్ దగ్గర కడుతున్న ఆనకట్టతో అస్సాం ఎండిపోతుందని టీవీలో విన్నామని కూడా అంటున్నారు. వారికి తప్పు చెప్పకూడదన్నది నా తాపత్రయం. తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
మేడం గారూ, నది ఒక్కటే గాని, అది ఒక్కటేనని తేలడానికి చాలా కాలం పట్టింది. మానససరోవరానికి తూర్పున ఉన్న హిమానీనదాల్లో పుట్టి, టిబెట్ పీఠభూమి మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా తూర్పుగా ప్రవహించే యార్లుంగ్ సాంగ్‌పో, 7,782 మీటర్ల నమ్చా బర్వా శిఖరాన్ని చుట్టి ఒక్కసారిగా దక్షిణానికి మళ్లి, ఎవరూ దిగలేని లోయలో మాయమయ్యేది. అవతల అరుణాచల్‌లో పాసీఘాట్ దగ్గర మైదానానికి దిగే సియాంగ్ అదేనా, లేక సాంగ్‌పో నీరు బర్మాలోని ఐరావతిలో కలుస్తుందా అన్నది పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద వివాదం.

దీన్ని తేల్చడానికి బ్రిటిష్ ఇండియా సర్వే శాఖ 1880లో సిక్కింకు చెందిన కింతుప్ అనే దర్జీని ఒక లామా వెంట పంపింది. ఆ లామా అతన్ని దారిలో బానిసగా అమ్మేశాడు. తప్పించుకున్నాక కూడా కింతుప్ పని వదలలేదు. గుర్తు వేసిన 500 దుంగలను, రోజుకు 50 చొప్పున పది రోజులపాటు సాంగ్‌పోలో వదిలాడు. ఫలానా రోజుల్లో దిగువన కాపలా ఉండమని అతను పంపిన కబురు సకాలంలో చేరకపోవడంతో ఆ దుంగలను ఎవరూ చూడలేదు. చదువురాని ఆ మనిషి చెప్పిన వివరాలు చాలావరకు సరైనవేనని 1913లో బ్రిటిష్ అధికారులు బెయిలీ, మోర్స్‌హెడ్ ఆ దారిన వెళ్లినప్పుడు రుజువయింది. పిల్లలకు ఈ కథ తప్పక చెప్పండి.

ఇక పేర్ల సంగతి: టిబెటన్‌లో సాంగ్‌పో అంటేనే పెద్ద నది. సియాంగ్‌కు దిబాంగ్, లోహిత్ కలిసిన తరువాతనే బ్రహ్మపుత్ర అనే పేరు వస్తుంది. లుయిత్ అనేది లోహిత్యకు అస్సామీ రూపం. పురుషనామం కనుక సంస్కృత సంప్రదాయంలో దీన్ని నది అనరు, శోణ (సోన్) లాగా నదం అంటారు.

రెండవ జవాబు:
నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఈ పేర్ల వెనుక నీటి లెక్క కూడా ఉంది. పెద్ద వంపుకు ముందు టిబెట్‌లో ఉన్న నూషియా దగ్గర ఏడాదికి సుమారు 31 బీసీఎం (ఒక బీసీఎం అంటే వంద కోట్ల ఘనపు మీటర్లు), అంటే దాదాపు 1,100 టీఎంసీలు పారుతుంది. అదే నది బంగ్లాదేశ్‌లోని బహదూరాబాద్ చేరేసరికి 606 బీసీఎం, అంటే 21 వేల టీఎంసీలు దాటుతుంది. కృష్ణకు బచావత్ ట్రిబ్యునల్ కట్టిన లెక్క 2,060 టీఎంసీలని గుర్తు చేసుకుంటే ఈ నది ఎంతటిదో అర్థమవుతుంది. ఈ పెరుగుదలలో అధిక భాగం వంపు దగ్గర నుంచి కిందికి కురిసే రుతుపవన వర్షాలది, ఉపనదులది. వంపులో కురిసే వానలో కొంత టిబెట్ వైపే పడుతుంది కాబట్టి చైనా వాటాను మరీ తక్కువగా చూపడం కూడా సరికాదు. ఆ వాటా 30–35 శాతమని అస్సాం ముఖ్యమంత్రి 2025 జూన్‌లో చెప్పారు.

కనుక నది ఎండిపోతుందన్న భయం కంటే, హెచ్చరిక లేకుండా వచ్చే నీటి భయం నిజమైనది. 2000 జూన్‌లో టిబెట్‌లోని యీగోంగ్ ఉపనదికి అడ్డుపడిన కొండచరియ తెగినప్పుడు అరుణాచల్‌లో ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ తరువాత 2002లో చైనా మనకు వరద కాలపు సమాచారం ఇచ్చేలా ఒప్పందం కుదిరినా, చైనాతో డోక్లాం సరిహద్దు ఉద్రిక్తత నడిచిన 2017లో మనకు ఆ సమాచారం రాలేదు. 2023లో ఒప్పందం గడువే తీరింది. సుమారు 60 వేల మెగావాట్ల మెడోగ్ జలవిద్యుత్ ప్రాజెక్టు పనులు 2025 జూలైలో మొదలయ్యాయి. దీనికి జవాబుగా మన ప్రభుత్వం తలపెట్టిన ఎగువ సియాంగ్ జలాశయాన్ని అరుణాచల్‌లోని ఆది తెగ గ్రామాలు తమ భూములు మునుగుతాయని వ్యతిరేకిస్తున్నాయి. వారి మాట వినకుండా ముందుకు పోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. మరి వానలు లేని నెలల్లో కూడా ఇదే లెక్కా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
దాదాపు అదే తీరు. ఎండు నెలల్లో నూషియా దగ్గర సెకనుకు 300–500 ఘనపు మీటర్లు ఉంటే, గువాహటి పక్కనున్న పాండు దగ్గర సుమారు 4,000 ఉంటుంది.

మూడవ జవాబు:
పై ఇద్దరూ బంగ్లాదేశ్‌ను దాటేశారు. అక్కడి జమునకు, ఢిల్లీ యమునకు సంబంధం లేదని పిల్లలకు ముందే చెప్పండి. పూర్వం ఈ నది మైమన్‌సింగ్ మీదుగా పారేది. 1787లో తీస్తా వరదల తరువాత క్రమంగా పడమటికి జరిగి ఇప్పటి జమున అయింది. పాత పాయను నేటికీ పాత బ్రహ్మపుత్ర అనే పిలుస్తారు. గోఆలందో దగ్గర జమున గంగను కలుస్తుంది. అక్కడ గంగ పేరు పద్మ.

చైనాకు మనం దిగువ దేశం, మనకు బంగ్లాదేశ్ దిగువ దేశం. గంగ మీద 1996 ఒప్పందం ఉంది గాని, బ్రహ్మపుత్ర మీద మన రెండు దేశాల మధ్య నీటి పంపకపు ఒప్పందం లేదు. 1997లో అంతర్జాతీయ నదుల ఒడంబడిక ఐక్యరాజ్యసమితిలో ఓటుకు వచ్చినప్పుడు చైనా వ్యతిరేకించింది, మనం తటస్థంగా ఉన్నాం, బంగ్లాదేశ్ అనుకూలంగా ఓటు వేసింది. ఎగువవారి నుంచి మనం అడుగుతున్న సమాచారాన్ని, భరోసాను దిగువవారికి మనం కూడా ఇవ్వాలి.