అప్‌డేట్: 48 మందికి హామ్ చీజ్ పావ్, అడుగు తడవకుండా

విజయనగరంలో క్రిస్మస్ విందుకి హామ్ (ఉప్పు పట్టించిన పంది మాంసం), చీజ్ శాండ్‌విచ్‌లు బేక్ చేస్తే అడుగు మెత్తబడకుండా ఎలా అని అడిగాను కదండీ. కుదిరింది, వివరాలివి.

12 పావ్‌లు (మెత్తటి చిన్న బన్నులు) అతుక్కుని ఉన్న పలకకి హామ్ 300 గ్రాములు, చీజ్ స్లైసులు 12, తురిమిన మోజరెల్లా 100 గ్రాములు, వెన్న 80 గ్రాములు. ఇలాంటివి 4 ట్రేలు.

తడి అంతా హామ్‌దే. ఫ్రోజెన్ హామ్ రాత్రంతా ఫ్రిజ్‌లోనే కరగాలి. తర్వాత ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో అద్దాలి, గుడ్డ తడిసిపోతుంది చూడండి. పావ్ పలకని విడదీయకుండా అడ్డంగా కోసి, కింది సగాన్ని 180 డిగ్రీల్లో 5 నిమిషాలు వేడిచేయాలి. దాని మీద ముందు చీజ్ స్లైసు, తర్వాత హామ్, పైన మోజరెల్లా, ఆపైన పావ్ పై సగం మూయాలి. కింది చీజే హామ్ నీరు రొట్టెకి దిగకుండా ఆపుతుంది. వరస మారిస్తే ఫలితం ఉండదు.

పైపూతకి కరిగిన వెన్నలో 2 చెంచాల ఆవముద్ద, మన పనసపొట్టు కూరకి నూరేదే, కాస్త గట్టిగా. నువ్వులు చల్లాలి. పూత ఓవెన్‌లో పెట్టే ముందే రాయండి, రాత్రే రాసి ఉంచితే పావ్ నానిపోతుంది.

180 డిగ్రీల్లో ఫాయిల్ కప్పి 15 నిమిషాలు, ఫాయిల్ తీసి ఇంకో 5 నిమిషాలు. ఇంటి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) ఒక్క ట్రేనే పడుతుంది. బేకరీ ఓవెన్ అయితే రొట్టెల వేడి తగ్గాకే పెట్టించండి, లేదంటే చీజ్ కరగకముందే నువ్వులు మాడతాయి.

కోసే ముందు 5 నిమిషాలు ఆగాలి. వేడి మీద కోస్తే చీజ్ కత్తితోనే వచ్చేస్తుంది.