అప్‌డేట్: ఎల్లుండే యాంజియోగ్రామ్

పోయిన నెల మిమ్మల్ని అడిగాను కదా, 18 ఏళ్లుగా షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5, యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు కనపడటానికి ఎక్కించే ఆ రంగు మందుని నా కిడ్నీలు తట్టుకుంటాయా అని. మా ఆయన పోయి అప్పటికి మూడు నెలలు.

తేదీ ఖాయమైంది, ఎల్లుండి ఉదయం. మీలో ఒకరు చెప్పినట్టే ముందు కిడ్నీ డాక్టరుగారిని కూడా కలిశాను. వెళ్లకపోయి ఉంటే ఈ భయంతోనే ఉండేదాన్ని. ముందురోజే చేరమన్నారు, సెలైన్ నెమ్మదిగా ఎక్కిస్తారట, ఆ రంగు మందు వీలైనంత తక్కువ వాడతారట. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపించారు. యాంజియోగ్రామ్ అయిన 48 గంటలకి క్రియాటినిన్ చూసి, బాగుంటేనే మళ్లీ మొదలు. మోకాళ్ల నొప్పులకి వేసుకునే మాత్రలు ముట్టుకోవద్దన్నారు. ఆస్పిరిన్ మాత్రం నా అంతట నేను ఆపకూడదు. పరగడుపున ఉండాలి కాబట్టి ఆ ఉదయం ఇన్సులిన్ వద్దన్నారు, షుగరు పడిపోతుందని.

మందుల సంగతి ఇంతే. కష్టమైంది ఫైలు తీయడం. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఆయనే సర్దేవారు. అట్ట వెనక నా షుగరు లెక్కలు ఆయన చేతిరాతలో, ఆయన ఆసుపత్రిలో చేరిన ముందురోజు దాకా ఉన్నాయి. అక్కడే కూర్చుండిపోయాను.

ఎల్లుండే మాసికం కూడా. వాయిదా వేయిద్దామనుకున్నాను. మా మరిది ఒప్పుకోలేదు. "వదినా, ఇక్కడ నేనూ అబ్బాయీ చూసుకుంటాం. అన్నయ్య ఉంటే మిమ్మల్ని ముందు ఆసుపత్రికే పంపేవాడు" అన్నాడు. అమ్మాయి నాతో వస్తోంది. ఫైలు తన దగ్గరే ఉంది.