‘ఈసురోమని’లో ఆ ‘మ’ ఎక్కడిది? (ఒక జాంబీ సినిమా పుణ్యం, మారుపేర్లతో సాగిన చర్చ)

నిద్రలేమి: రాత్రి ‘పాంటీపూల్’ అనే 2008 నాటి కెనడా సినిమా పెట్టాను. జాంబీ సినిమా కదా, కొరుకుళ్ళూ అరుపులూ తప్ప ఏముంటుందిలే, సగంలో కట్టేద్దామనుకున్నా. తీరా చూస్తే కథ దాదాపు అంతా ఒక రేడియో స్టేషన్లోనే. రోగం కాటుతో కాదు, మాటతో అంటుకుంటుంది! అదీ ఇంగ్లిషు మాటలతోనే. మాట అర్థమైందా, మనిషి పోయినట్టే. దాన్నే పట్టుకుని అంటూ అంటూ ఉండిపోతాడు. చివరికి ప్రాణభయంతో వచ్చీరాని ఫ్రెంచిలోకి దిగుతారు. టీవీ కట్టేశాక గురజాడ లైను పట్టుకుంది: “ఈసురోమని మనుషులుంటే”. జాంబీలకి ఇంతకన్నా వర్ణన ఉందా? ఇంతకీ ఈ ‘ఈసురో’ ఉసురుకి చుట్టమా, ఈశ్వరుడికా?

మాత్రల లెక్క: ఉసురే. అయితే ‘ఉసూరుమని’ అంటే ఆరు మాత్రలే. ఆ గేయం ఛందస్సు ముత్యాలసరం, దానికి మూడూ నాలుగూ ఏడు కావాలి. అందుకే ‘ఈసు–రోమని’. ఛందస్సు కోసం సాగదీశారు, అంతే.

పాతసంచి: ‘ఉస్సురోమని’ అన్నా ఏడే కదా మాస్టారూ. మరి ‘ఈ’ ఎందుకు పెట్టినట్టు? ఛందస్సు మీద నెట్టేస్తే ఎలా! అది ‘ఈశ్వరో’ అన్న నిట్టూర్పు.

మాత్రల లెక్క: ఈశ్వరుడైతే ‘ఈసురో అని’ అవ్వాలి. మధ్యలో ‘మ’ ఎక్కడిది? ఘల్లుమని, బావురుమని. ‘మని’ చప్పుళ్ళకి తగులుతుంది, దేవుళ్ళకి కాదు.

పాతసంచి: లబోదిబోమని?

మాత్రల లెక్క: అదీ చప్పుడే.

పాతసంచి: కుయ్యోమొర్రోమని? మొర మాటే కదండీ, చప్పుడెలా అవుతుంది?

(దీనికి మాస్టారి నుంచి జవాబు లేదు.)

ప్రబంధప్రియ: ‘ఈసు’ అంటే అసూయ అని ఎవరికీ తట్టలేదా? “ఈసునఁ బుట్టి డెందమున హెచ్చిన శోకదవానలంబుచే”. ‘పారిజాతాపహరణం’లో తిమ్మన సత్యభామ ఏడ్చిందంటే ఆ ఏడుపు కూడా అందమే. ‘గాసిలి యేడ్చె’ దగ్గర ఆ ‘గాసిలి’ చూడండి, ఇంకో మాట పెట్టి చూడండి, పద్యం కూలిపోతుంది.

నిద్రలేమి: పద్యం బాగుందండీ, కానీ అసూయపడే జాంబీని నేను చూడలేదు. అసూయకైనా కాస్త ప్రాణం ఉండాలిగా.

ప్రబంధప్రియ: నేను జాంబీల గురించి చెప్పలేదు. తిమ్మన గురించి చెప్పాను.

కొంటెకోణంగి: అదే గేయంలో “తిండి కలిగితె కండ కలదోయ్, కండ కలవాడేను మనిషోయ్” అని కూడా ఉంది. జాంబీ దీన్ని వంటల పుస్తకం అనుకుని చదువుకుంటుంది.

పాతసంచి: 😀 ఇంకో సంగతి. 1968లో దర్శకుడు రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ సినిమాలో ‘జాంబీ’ అన్న మాటే వినపడదు. ‘ఘూల్’ (పిశాచం) అంటారు. అది అరబ్బీ మాట. పేరు తర్వాత వచ్చి అతుక్కుంది. మనకి బేతాళుడున్నాడు గానీ ఆయన శవంలో దూరి కథలు చెప్పి ప్రశ్నలడుగుతాడు. ఇంత తెలివైనవాణ్ణి జాంబీ అనడం అన్యాయం.

నిద్రలేమి: నా ప్రశ్న అలాగే ఉంది. పొద్దున్నుంచి ఈసురో, ఈసురో అనుకుంటూనే ఉన్నా. ఇప్పుడది మాటలాగే అనిపించడం లేదు. సినిమాలోనూ ఇలాగే మొదలైంది, టెన్షన్‌గా ఉంది.

మాత్రల లెక్క: అది సరే గానీ, ఆ తర్వాత ‘జల్దుకొని’ ఉందే, అది ‘జల్దీ’ నుంచే వచ్చిందంటారా?