మినీ ట్రాక్టరుకు ముందు బ్లేడు, చక్రాలకు గొలుసులు: మన నేలలో పనికొస్తాయా?

జమ్మలమడుగు రైతు:
మాది నల్లరేగడి. శనగ విత్తే అక్టోబరులోనే పెద్ద వానలు పడి, వంక పొంగి, పొలం రస్తా మీద మోకాటి లోతు ఒండ్రు వేసి పోతుంది. ఆ సమయానికి జేసీబీ బాడుగకు దొరకదు. దొరికినా ఆ బాడుగ సన్నకారు రైతు భరించేది కాదు. అమెరికాలో మిషిగన్‌లో ఉంటున్న మా తమ్ముడు తన పెరటి ట్రాక్టరుకు ముందు బ్లేడు బిగించి, వెనక చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టి, వాకిట్లో పడిన మంచును తోసేస్తాడు. నా 24 హార్స్‌పవర్ మినీ ట్రాక్టరుకు కూడా అట్లే చేయించుకోవచ్చా?

కర్నూలు మెకానిక్:
అన్నా, వద్దనే చెబుతాను. కొత్తగా కురిసిన మంచు ఘనమీటరుకు సుమారు 100 కిలోలు తూగితే, తడి బంకమట్టి దాదాపు 1,800 కిలోలు తూగుతుంది. పైగా మంచు కింద గట్టి నేలో, సిమెంటు వాకిలో ఉంటుంది కాబట్టి గొలుసు దాన్ని కరిచి పట్టుకుంటుంది. రేగడిలో అడుగున పట్టు దొరకదు. సందులన్నీ బంకతో నిండిపోయి, రెండు చుట్లు తిరిగేసరికి చక్రం నున్నని మట్టి ముద్దలా తయారై ఉన్నచోటనే తిరుగుతుంది. ఇంకొక సంగతి, వాళ్ల పెరటి ట్రాక్టర్ల టైర్లు పచ్చిక చెడకుండా దాదాపు నునుపుగా ఉంటాయి, అందుకే నిచ్చెన మెట్ల మాదిరి గొలుసు వాటి మీద నిలుస్తుంది. మన టైర్ల గుబ్బల మధ్య లోతైన సందులుంటాయి, ఆ అడ్డ గొలుసులు వాటిలోకి జారి ఎందుకూ పనికిరావు.

అనంతపురం చీనీతోట:
రేగడికి మీరు చెప్పింది నిజమే, కానీ దాన్ని అన్ని నేలలకూ చుట్టడం సరికాదు. మాది ఎర్రనేల, జానెడు కింద గరుకు. వానకు పైపొర జారినా అడుగున పట్టు ఉంటుంది కాబట్టి, గుబ్బల మీద వల మాదిరి పరుచుకునే గొలుసు వేస్తే మా తోట వాలులో ట్రాక్టరు జారకుండా ఎక్కుతుంది. ముందు బ్లేడునైతే నేను గట్టిగా సమర్థిస్తాను. ఎరువు దిబ్బ సర్దడానికి, చెట్ల వరుసల మధ్య వాన కోసిన గండ్లు పూడ్చడానికి దాన్ని మించింది లేదు. కాకపోతే వెనక బరువు పెంచాలి: టైరు వాల్వును పైకి తెచ్చి, నీరు వాల్వు మట్టానికి వచ్చేదాకా నింపితే ముప్పాతిక వంతు నిండుతుంది. చలి దేశాల్లో నీరు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, అది రిమ్మును తినేస్తుంది. మనకు ఆ బాధ లేదు, వట్టి నీళ్లే చాలు.

జమ్మలమడుగు రైతు:
గొలుసుల ఆశ వదులుకుంటాను. అయితే వెనక బ్లేడు చాలదా అనేవారికి ఒక మాట: దానితో ముందుకు పోతే ట్రాక్టరే మొదట బురదలో దిగాలి. దారి చేసుకుంటూ పోవాలంటే బ్లేడు ముందే ఉండాలి కదా?

కర్నూలు మెకానిక్:
బ్లేడును తిప్పి బిగించి, రివర్సులో తోయవచ్చు. అప్పుడు బ్లేడు ఎత్తినా బరువు తోలే చక్రాల మీదనే పడుతుంది. అయితే ట్రాక్టరు వెనక పనిముట్టును పట్టుకునే ఆ కింది లింకు చేతులు లాగడానికి చేసినవి, తోయడానికి కావు. తక్కువ గేరులో, పలుచని పొరలుగా తీయకపోతే అవి వంగుతాయి. ముందు బ్లేడే కావాలంటే మాత్రం ముందు ఇరుసుకు తగిలించి వెల్డింగు చేయించవద్దు. తోపు బరువు గేరు డబ్బా పక్కలకు, వెనక ఇరుసుకు చేరేలా కిందుగా ఫ్రేము కట్టించండి. మంచు బ్లేడుకు రాయి తగిలితే ముందుకు వాలి, మళ్లీ లేచే స్ప్రింగులుంటాయి. వంక ఒండ్రులో రాళ్లు, మొద్దులు దాగి ఉంటాయి కాబట్టి మీకూ అవి తప్పనిసరి. అన్నిటికన్నా నాకు భయం కలిగించేది వంక దిగుడు. మన టూవీల్ డ్రైవ్ ట్రాక్టర్లకు బ్రేకు వెనక చక్రాలకే ఉంటుంది. బ్లేడు ఎత్తిపట్టి దిగితే వెనక భాగం తేలికై, ఎంత తొక్కినా బండి ఆగదు. దిగేటప్పుడు బ్లేడు నేలకు బెత్తెడు ఎత్తులోనే ఉంచండి, గేరు న్యూట్రల్ చేయవద్దు.

అనంతపురం చీనీతోట:
బ్రేకు విషయంలో మెకానిక్ అన్నతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒండ్రును కూడా వాన వెలిసిన రోజే తోయకుండా పైన నెరియలు పట్టేదాకా ఆగితే, అది పెళ్లలుగా లేచి బ్లేడుకు అంటుకోకుండా జరుగుతుంది. శనగకు ఎట్లాగూ పదును చూసే విత్తుతారు కాబట్టి, ఆ నాలుగు రోజులు ఆగినందువల్ల అదను తప్పిపోదు.