ఇళ్లు పెరిగినట్టే పెరిగి మళ్లీ పడిపోతున్నాయి, సాయం చేయండి

రాత్రిపని: ఆరు గంటలుగా ఈ ఆటతోనే కూర్చున్నాను. పెద్ద కాసా దాకా ఎదిగిన ఇళ్లు కాసేపటికే చిన్న కాసాలైపోతున్నాయి. గిడ్డంగి నిండా కుండలున్నాయి. నాలుగు మార్కెట్లు చాలవేమోనని ఐదోది కూడా కట్టాను, ఏమీ మారలేదు. రోడ్లు గళ్లు గళ్లుగా చక్కగా వేశాను. చాలా విసుగొస్తోంది.

ఇటుకబట్టీ: ఏ ఆట?

రాత్రిపని: సీజర్ 3 అండీ, రోమన్ నగరం కట్టే కంప్యూటర్ ఆట. కాసా అనే ఇంటి స్థాయి పేరు చెబితే తెలిసిపోతుందనుకున్నాను.

పాతపటం: గళ్ల రోడ్లను మాత్రం తప్పుపట్టకండి. ట్రాజన్ చక్రవర్తి క్రీ.శ. 100 ప్రాంతంలో మాజీ సైనికుల కోసం స్థాపించిన టిమ్‌గాడ్ చూడండి, ఇప్పటి అల్జీరియాలో ఉంది. పైనుంచి చూస్తే అచ్చం చదరంగం బల్ల. కార్డో అనే ప్రధాన వీధి ఉత్తర దక్షిణాలుగా, డెకుమానస్ అనే ప్రధాన వీధి తూర్పు పడమరలుగా. రోమన్ నగరం కడుతున్నప్పుడు రోమన్ల పద్ధతిలోనే కట్టాలని నా గట్టి అభిప్రాయం.

నీటితొట్టి: టిమ్‌గాడ్ అంటే నాకూ ఇష్టమే. కానీ ఈ ఆటలో ప్రతి కూడలీ ఒక చిక్కు. మార్కెట్ నుంచి సరుకు పంచే మనిషి రోడ్డు పట్టుకుని తిరుగుతుంది, తనకు అటూ ఇటూ రెండు గడుల లోపలి ఇళ్లకే కుండలు అందుతాయి. కూడలిలో గిడ్డంగుల వైపు మళ్లిందా, ఆ విడత మీ ఇళ్లకు సున్నా. ఇంట్లో ఉన్న కుండలు అయిపోగానే ఇల్లు దిగిపోతుంది. మార్కెట్లు పెంచడం కాదు, కూడళ్లు తగ్గించండి. ఇళ్ల చుట్టూ ఒకే వలయం రోడ్డు వేసి, బయటికి ఒకే దారి వదిలి, అక్కడ రోడ్‌బ్లాక్, అంటే తిరిగేవాళ్లను ఆపే అడ్డు, పెట్టండి.

రాత్రిపని: రోడ్‌బ్లాక్ బటనే కనిపించడం లేదు!

ఇటుకబట్టీ: అసలు ఆటలో లేదు. గేట్‌హౌస్ (కోటగోడ ద్వారం) కట్టండి.

నీటితొట్టి: అవును, రోడ్‌బ్లాక్ 1999లో ఫారో అనే తర్వాతి ఆటతో వచ్చింది. ఆగస్టస్ అనే ఉచిత ఓపెన్‌సోర్స్ వెర్షన్ వేసుకుంటే సీజర్ 3లోనూ ఉంటుంది, అసలు ఆట ఫైళ్లు మాత్రం మీ దగ్గర ఉండాలి. గేట్‌హౌస్ అయినా సరిపోతుంది. రాండమ్‌గా తిరిగేవాళ్లను ఆపుతుంది, సరుకు కొనడానికి వెళ్లేవాళ్లను, బండ్లవాళ్లను వదిలేస్తుంది.

పాతపటం: రాండమ్ అనకండి. భవనం తన మనిషిని ఒక్కో విడత ఒక్కో దిక్కుకు పంపుతుంది, నాలుగు దిక్కులకూ వంతు వస్తుంది. దాన్ని రాండమ్ అంటే కొత్తవాళ్లు అదృష్టం అనుకుని వదిలేస్తారు.

నీటితొట్టి: బయల్దేరే దిక్కు వరకు ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఏ మలుపు తిరుగుతుందో ముందే చెప్పగలరా?

పాతపటం: ఓపిగ్గా గమనిస్తే చాలావరకు చెప్పొచ్చు. మాట సరిగ్గా వాడాలన్నదే నా బాధ.

రాత్రిపని: గేట్‌హౌస్ పెట్టాను, కాసాలు నిలబడ్డాయి! కానీ బయటున్న కుండల వర్క్‌షాపులకు పనివాళ్లు దొరకడం లేదు, ఒకటి కాలిపోయింది కూడా.

నీటితొట్టి: పనివాళ్ల కోసం వెతికే మనిషి కూడా అలా తిరిగేవాడే, గేటు దాటడు. వర్క్‌షాపుల దగ్గర నాలుగు గుడారాలు వేయించండి, అటువైపు వేరే ప్రిఫెక్చర్ (మంటలార్పేవాళ్ల ఠాణా), ఇంజనీర్ పోస్ట్ (భవనాలు కూలకుండా చూసేవాళ్ల చోటు) పెట్టండి.

ఇటుకబట్టీ: గుడారాలకు బావి మర్చిపోకండి.

రాత్రిపని: సరేనండీ, థాంక్స్. రేపు చూస్తాను.

పాతపటం: ఆ వలయం రోడ్డును చతురస్రంగా వేస్తే బాగుంటుంది.